నెత్తుటి చుక్కలో వంశం గుట్టు



ఆసుపత్రిలో మనం ఇచ్చే రక్తంలో మన జబ్బు ఒక్కటే ఉండదు. మన పుట్టుక వివరం మొత్తం ఉంటుంది. దాన్నే జన్యు సమాచారం అంటున్నాం. అది పరాయి దేశాల చేతిలో పడితే మనకూ దేశానికీ ఏమిటి ముప్పు, పడకుండా ఏం చేయాలి అన్నది ఈ రోజు నేను మాట్లాడబోయే విషయం. ఇదంతా ఢిల్లీలో పెద్దలు తేల్చుకోవలసిన సంగతి, తిరువూరులో ఉన్న మనకెందుకు అనిపించవచ్చు. కానీ ఆ సమాచారం బయల్దేరేది మన ఊరి ల్యాబుల నుంచే. అందుకని అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఒక గర్భిణిని ఊహించుకోండి. తిరువూరులో నాలుగో నెల పరీక్షలకు వచ్చింది. అంతకుముందు చేసిన రక్తపరీక్షలో ఏదో తేడా కనిపించింది. బిడ్డకు క్రోమోజోముల లోపం ఉందేమో చూడాలి, ఎన్‌ఐపీటీ చేయించుకోమని డాక్టరమ్మ రాసింది. ల్యాబులో అమ్మాయి మోచేతికి పైన రబ్బరు పట్టీ కడుతుంది. నరం వెతికి రక్తం తీస్తుంది. గొట్టాన్ని కుదుపు లేకుండా నెమ్మదిగా పైకీ కిందకీ తిప్పుతుంది. పేరు, వయసు, భర్త పేరు, ఫోన్ నంబరు, ఎన్నో నెల అన్నవి కాగితం మీద నింపి, గొట్టానికి బార్‌కోడ్ అంటించి, "ఇక్కడ సంతకం పెట్టమ్మా" అంటుంది. ఆ కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. సంతకం పడిపోతుంది. సాయంత్రానికి ఆ గొట్టం మైలవరం మీదుగా విజయవాడ చేరుతుంది. అక్కడి నుంచి హైదరాబాదుకో బెంగళూరుకో ఇంకా పెద్ద ఊరికో వెళుతుంది.

అక్కడ జరిగే పని ఇదీ. కడుపులో మాయ నుంచి బిడ్డ డీఎన్‌ఏ ముక్కలు తల్లి రక్తంలోకి వచ్చి తిరుగుతుంటాయి. పదో వారం దాటాక యంత్రం వాటిని గుర్తించగలదు. అయితే తల్లి ముక్కలూ బిడ్డ ముక్కలూ కలిసే ఉంటాయి. ఆ కలిసిన ముక్కలను లక్షల్లో చదివి లెక్క తేలుస్తారు. వాటిలో ఎక్కువ భాగం తల్లివే. కొద్ది రోజులకు మన చేతికి ఒకటి రెండు పేజీల రిపోర్టు వస్తుంది. భయం లేదనో, ఇంకో పరీక్ష కావాలనో ఉంటుంది. మరి చదివిన ఆ లక్షల ముక్కల వివరం ఎక్కడుంది? ఎన్నాళ్లు ఉంటుంది? ఎవరు చూడవచ్చు? ఆ ఇంగ్లీషు కాగితంలో వీటికి జవాబు ఉండవచ్చు, ఉండకపోవచ్చు. ఉన్నా ఆ తల్లికి ఎవరూ చదివి చెప్పలేదు.

ఇది ఉత్త అనుమానం కాదు. 2021 జులైలో రాయిటర్స్ వార్తాసంస్థ ఒక పెద్ద కథనం ప్రచురించింది. చైనాలో షెన్‌జెన్ నగరం కేంద్రంగా పనిచేసే బీజీఐ అనే కంపెనీ ఈ ఎన్‌ఐపీటీ పరీక్షనే నిఫ్టీ అన్న పేరుతో 50కి పైగా దేశాల్లో అమ్మింది. ప్రపంచవ్యాప్తంగా 80 లక్షల మందికి పైగా మహిళలు ఆ పరీక్ష చేయించుకున్నారు. ఆ కంపెనీ చైనా సైన్యపు ఆసుపత్రులతో కలిసి పరిశోధనలు చేసిందని రాయిటర్స్ బయటపెట్టింది. సైన్యానికి తాము ఎవరి వివరాలూ ఇవ్వలేదని కంపెనీ చెప్పింది. కానీ 2017 నాటి చైనా గూఢచార చట్టం ప్రకారం ఆ దేశపు సంస్థలన్నీ ప్రభుత్వ గూఢచార పనికి సహకరించి తీరాలి. అడిగితే కాదనే స్వేచ్ఛ ఆ కంపెనీకి లేదన్నదే మిగతా దేశాల భయం.

బ్యాంకు వివరాలు పోయినా ఇదే భయం కదా, జన్యు సమాచారంలో ప్రత్యేకత ఏమిటి అని మీరు అడగవచ్చు. ఏటీఎం పిన్ పోతే మార్చుకుంటాం. ఫోన్ నంబరు పోతే కొత్తది తీసుకుంటాం. డీఎన్‌ఏ మార్చుకోవడం కుదరదు. ఒకసారి బయటికి పోతే మన జీవితకాలమంతటికీ పోయినట్టే. అంతకన్నా పెద్ద తేడా ఇంకొకటుంది. అది మనదొక్కరిదే కాదు. తోబుట్టువులు సుమారు సగం పంచుకుంటారు. పెదనాన్న పిల్లలు, మేనత్త పిల్లలు దాదాపు ఎనిమిదో వంతు పంచుకుంటారు. ఒక్కరు ఇచ్చిన నమూనాతో ఇవ్వని వాళ్ల గుట్టూ బయటపడుతుంది. 2018లో అమెరికాలోని కాలిఫోర్నియా పోలీసులు దశాబ్దాల నాటి హత్యల కేసులో ఒక మనిషిని పట్టుకున్నారు. అతను ఎక్కడా తన డీఎన్‌ఏ ఇవ్వలేదు. వంశవృక్షం తెలుసుకుందామని దూరపు చుట్టాలు ఒక వెబ్‌సైటులో పెట్టుకున్న వివరాలే అతని ఇంటి గుమ్మం దాకా దారి చూపాయి. హంతకుడు దొరకడం మంచిదే. కానీ అదే దారిలో ఒక సైనికుణ్ణి, ఒక శాస్త్రవేత్తను, ఒక అధికారిని కూడా వెతికి పట్టుకోవచ్చు.

తెలుగువాళ్లకు ఈ సంగతి ఇంకా దగ్గరగా తగులుతుంది. ఇంటిపేరు మనకు తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది. మగవాళ్లలో ఉండే వై క్రోమోజోమ్ కూడా సరిగ్గా అలాగే తండ్రి నుంచి కొడుక్కి దిగుతుంది. అంటే ఇంటిపేరూ ఈ క్రోమోజోమూ తరతరాలుగా ఒకే బాటలో నడుస్తాయి. 2013 జనవరిలో సైన్స్ పత్రికలో అమెరికా పరిశోధకులు ఒక ప్రయోగం ప్రచురించారు. పరిశోధనల కోసం పేర్లు తీసేసి అందరికీ అందుబాటులో ఉంచిన జన్యు వివరాలను తీసుకున్నారు. వై క్రోమోజోమ్ గుర్తులను వంశవృక్షాల వెబ్‌సైట్లతో పోల్చి ముందు ఇంటిపేరు పట్టుకున్నారు. తర్వాత వయసు, ఊరు లాంటి బహిరంగ వివరాలతో కలిపి దాదాపు 50 మందిని గుర్తుపట్టేశారు. పేరు తీసేశాం, ఇక భయం లేదన్న మాట ఎంత బలహీనమైనదో ఆ ప్రయోగంతో తేలింది. ఇంటిపేరును బట్టే కుటుంబాన్ని పోల్చుకునే మన పల్లెల్లో ఆ పని ఎంత తేలికో మీరే ఆలోచించండి.

ఇక్కడే మనకు నేరుగా సంబంధించిన ఒక సంగతి చెప్పాలి. మనుషుల మధ్య జన్యు తేడాలను నమోదు చేయడానికి అంతర్జాతీయ శాస్త్రవేత్తలు వెయ్యి జీనోముల ప్రాజెక్టు అని ఒకటి నడిపారు. 2015లో దాని తుది ఫలితాలు వచ్చేసరికి 26 జనసమూహాలకు చెందిన 2,504 మంది వివరాలు అందులో చేరాయి. ఆ 26లో తెలుగువారు ఒక సమూహం. బ్రిటన్‌లో స్థిరపడిన 102 మంది తెలుగువారు ఇష్టపూర్వకంగా నమూనాలు ఇచ్చారు. పేర్లు లేకుండా ఆ వివరాలు ఇంటర్నెట్‌లో ఉన్నాయి. ప్రపంచంలో ఎవరైనా దించుకోవచ్చు. క్యాన్సర్ మీద, గుండె జబ్బుల మీద పనిచేసే శాస్త్రవేత్తలు ఎన్నో దేశాల్లో ఈ రోజుకీ వాటిని సరిపోల్చుకోవడానికి వాడుతున్నారు. నమూనాలు ఇచ్చిన ఆ తెలుగువాళ్లు చేసింది గొప్ప దానం. అలాంటి దానాలు లేకపోతే మందులన్నీ తెల్లవాళ్ల ఒంటికి సరిపోయేట్టే తయారవుతాయి. కానీ దానం వేరు, తెలియకుండా తీసుకోవడం వేరు. అన్నీ విని, ఆలోచించుకుని ఇచ్చేవారి మంచితనం చూపించి, ఏమీ తెలియక సంతకం పెట్టిన రోగి వివరాలను అదే గాటన కట్టకూడదు.

సరే, పరాయి దేశం ఈ వివరాలతో ఏం చేస్తుంది? ఒక జాతిని మాత్రమే చంపే జీవాయుధం తయారు చేస్తారని సోషల్ మీడియాలో కథలు తిరుగుతుంటాయి. అలాంటి ఆయుధం ఎక్కడా ఉన్నట్టు ఆధారాలు లేవు. ఆ భయంతో నిద్ర మానుకోవలసిన పని లేదు. నిజమైన ముప్పులు వేరే ఉన్నాయి.

మొదటిది, మనుషులను గుర్తుపట్టడం, లొంగదీసుకోవడం. కీలక పదవిలో ఉన్న మనిషికి రాబోయే జబ్బేమిటో, కుటుంబంలో దాచుకున్న రహస్యమేమిటో తెలిస్తే బెదిరించడం తేలిక. అమెరికా రక్షణ శాఖ 2019 డిసెంబరులో తన సైనికులకు ఒక హెచ్చరిక పంపింది. ఇంటి దగ్గరే ఉమ్మి తీసి పంపే డీఎన్‌ఏ కిట్లు వాడవద్దని చెప్పింది. మన తెలుగు పల్లెల నుంచి సైన్యంలో చేరిన పిల్లలు ఎందరో ఉన్నారు. వాళ్ల రక్షణ వాళ్ల చేతిలో మాత్రమే లేదు. ఊళ్లో ఉన్న తల్లి, చెల్లి ఇచ్చే నమూనాలో కూడా ఉంది.

రెండోది నిఘా. చైనాలోని షిన్‌జియాంగ్ ప్రాంతంలో 12 నుంచి 65 ఏళ్ల మధ్య వయసున్న ప్రజల డీఎన్‌ఏను అధికారులు మూకుమ్మడిగా సేకరించారని, అందులో కొంత ఉచిత వైద్యపరీక్షల పేరు మీద జరిగిందని 2017 డిసెంబరులో హ్యూమన్ రైట్స్ వాచ్ సంస్థ ప్రకటించింది. అక్కడ వీఘర్ ముస్లింలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఉచిత వైద్యశిబిరం అంటే ఎవరు వద్దంటారు? జబ్బు చూపించుకోవడానికి వెళ్లినవాళ్ల రక్తం వాళ్ల మీదే కాపలా అయింది.

మూడోది, ఒక సమూహం బలహీనత తెలిసిపోవడం. దీనికి మన మధ్యే ఒక ఉదాహరణ ఉంది. ఆపరేషనుకు ముందు కండరాలు సడలడానికి సక్సినైల్‌కోలిన్ అనే మందు ఇస్తారు. మామూలుగా దాని ప్రభావం కొద్ది నిమిషాల్లో పోతుంది. ఆర్యవైశ్యుల్లో కొందరికి ఆ మందును విరిచే ఎంజైమ్ పుట్టుకతోనే లోపించి ఉంటుంది. వాళ్లకు ఆ ప్రభావం గంటల తరబడి ఉండిపోతుంది, ఊపిరికి వెంటిలేటరు పెట్టాల్సి వస్తుంది. వేల ఏళ్లుగా ఆ సమూహంలోనే పెళ్లిళ్లు జరగడం వల్ల ఈ లోపం వాళ్లలో ఎక్కువగా నిలిచిపోయింది. హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్త తంగరాజ్, అమెరికాలోని హార్వర్డ్ పరిశోధకులు కలిసి 2017లో నేచర్ జెనెటిక్స్ పత్రికలో రాసిన వ్యాసంలో ఈ సంగతిని వివరించారు. మన దేశంలో ఎన్నో సమూహాలకు ఇలాంటి తమవైన జన్యు లోపాలున్నాయని, వెతికితే ఎన్నో జబ్బులను ముందే పట్టుకోవచ్చని అందులో చెప్పారు. ఈ ఒక్క సమాచారం మత్తు డాక్టరు చేతిలో ఉంటే ప్రాణం నిలుస్తుంది. అందుకే దీన్ని వెతకాలి, రాసుకోవాలి, డాక్టర్లకు చెప్పాలి. అదే సమాచారం మన మంచి కోరని చేతిలో పడితే, ఏ సమూహానికి ఏ మందు పడదో, ఏ జబ్బు తొందరగా సోకుతుందో తెలిపే పటమవుతుంది. రెండూ ఒకే సమాచారం. తేడా అంతా ఎవరి చేతిలో ఉందన్న దగ్గరే.

ఇక ఇది బయటికి పోయే దారులు చూద్దాం. ఒక దారి దొంగతనం. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ కంప్యూటర్లు ఆగిపోయాయి. దాదాపు రెండు వారాలు ఓపీ చీటీల నుంచి ల్యాబు రిపోర్టుల దాకా చేత్తో రాయవలసి వచ్చింది. ఐదు సర్వర్లకు దెబ్బ తగిలిందని, సుమారు 1.3 టెరాబైట్ల సమాచారానికి హ్యాకర్లు తాళం వేశారని ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. దాడి మూలాలు చైనాలో ఉన్నాయని అధికార వర్గాలను ఉటంకిస్తూ వార్తలొచ్చాయి. దేశంలోకెల్లా పేరున్న ఆసుపత్రికే ఆ గతి పట్టింది. ఒకే పాస్‌వర్డు నలుగురు వాడుకునే చిన్న ల్యాబుల సంగతి వేరే చెప్పాలా?

రెండో దారి వ్యాపారం. అమెరికాలో 23అండ్‌మీ అనే కంపెనీ ఉమ్మి కిట్లు అమ్మి సుమారు కోటిన్నర మంది వివరాలు పోగుచేసింది. 2023లో హ్యాకర్లు సుమారు 14,000 ఖాతాల్లోకి దూరారు. చుట్టాలను కలిపే సదుపాయం అందులో ఉండటంతో, ఆ 14,000 ఖాతాల గుండా 69 లక్షల మంది వివరాలు తోడేశారు. యూదుల జాబితా, చైనా మూలాలున్నవారి జాబితా అంటూ విడగొట్టి అమ్మకానికి పెట్టారు. 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా తీసింది. వివరాలు చెరిపేసుకోండని కాలిఫోర్నియా అటార్నీ జనరల్ ప్రజలకు చెప్పవలసి వచ్చింది. చివరికి కంపెనీ సహవ్యవస్థాపకురాలే ఒక లాభాపేక్ష లేని సంస్థ తరఫున 30 కోట్ల 50 లక్షల డాలర్లకు దాన్ని కొన్నారు. వేరే దేశపు కంపెనీ కొని ఉంటే? అమెరికాలో ఉన్న మన పిల్లలు ఎవరైనా సరదాకు ఆ కిట్ వాడి ఉంటే, తిరువూరులో కూర్చున్న అమ్మమ్మ తాతయ్యల వివరం కూడా కొంత ఆ బేరంలో ఉన్నట్టే.

మూడో దారి మన నిబంధనల్లోనే ఉంది. విదేశాలతో కలిసి చేసే వైద్య పరిశోధనలకు మన దేశంలో ఆరోగ్యశాఖ పరిశీలన సంఘం అనుమతి కావాలి. కానీ 2016 ఆగస్టులో విదేశీ వాణిజ్య విభాగం ఒక సడలింపు ఇచ్చింది. వ్యాపార అవసరాలకు రక్తం, కణజాలం లాంటి నమూనాలను ఎగుమతి చేసే ల్యాబులు అంతకుముందులా భారత వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ దగ్గర నిరభ్యంతర పత్రం తెచ్చుకోనక్కర లేదంది. పరిశ్రమకు సులువు చేద్దామన్న ఉద్దేశం అర్థమవుతుంది. కానీ పరిశోధన పేరుతో వెళ్తే కాపలా, వ్యాపారం పేరుతో వెళ్తే తలుపు బార్లా అన్నది నాకు సమంజసంగా కనిపించడం లేదు.

మిగతా దేశాలు మేలుకున్నాయి. చైనా తన ప్రజల జన్యు నమూనాలు బయటికి పోకుండా 1998లోనే నిబంధనలు పెట్టింది. 2019లో వాటిని ఇంకా బిగించింది. ఇతర దేశాల వివరాలు పోగుచేస్తున్నదన్న ఆరోపణ ఎదుర్కొంటున్న దేశమే తన ఇంటికి అంత గట్టి తాళం వేసుకుందంటే, ఈ సమాచారం విలువ ఎంతో తెలుస్తుంది. అమెరికాలో 2024 ఫిబ్రవరిలో అధ్యక్షుడి ఉత్తర్వు వచ్చింది. దాని కింద చేసిన నియమాలు 2025 ఏప్రిల్ 8 నుంచి అమల్లోకి వచ్చాయి. వందమందికి మించి అమెరికన్ల జన్యు వివరాలు చైనా, రష్యా, ఇరాన్, ఉత్తర కొరియా, క్యూబా, వెనిజులా దేశాల చేతికి పోకుండా ఆ నియమాలు అడ్డుపడతాయి. వందంటే ఎంత? మన ఊళ్లో ఒక వీధి. అంతమంది వివరాలు పోయినా దేశభద్రతకు ప్రమాదమేనని వాళ్లు లెక్కవేశారు.

మన దేశమూ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 2020లో మొదలైన జీనోమ్ ఇండియా ప్రాజెక్టులో 20 సంస్థలు కలిసి 10,000 మంది భారతీయుల పూర్తి జన్యుక్రమాలు చదివాయి. అందులో హైదరాబాదు సీసీఎంబీ ఒకటి. ఆ వివరాలను హర్యానాలోని ఫరీదాబాద్‌లో ఉన్న భారతీయ జీవసమాచార కేంద్రంలో, అంటే మన గడ్డ మీదే భద్రపరిచారు. 2025 జనవరి 9న పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చారు. కావాలన్నవాళ్లు దరఖాస్తు పెట్టుకోవాలి, షరతులకు ఒప్పుకోవాలి. ఇది నాకు నచ్చిన పద్ధతి. సమాచారాన్ని పాతిపెట్టకుండా, సంతలో పరచకుండా, అడిగినవాడి ముఖం చూసి ఇచ్చే పద్ధతి.

కానీ చట్టంలో పెద్ద లోటు ఉంది. 2019లో పార్లమెంటు ముందుకొచ్చిన సమాచార రక్షణ బిల్లులో జన్యు సమాచారాన్ని ప్రత్యేకంగా, సున్నితమైనదిగా పేర్కొన్నారు. 2023లో చివరికి చట్టమైన రూపంలో ఆ విభజనే లేదు. ఇప్పుడు చట్టం దృష్టిలో మీ ఫోన్ నంబరూ మీ డీఎన్‌ఏ వివరమూ ఒకే వరసలో ఉన్నాయి. ఫలానా దేశాలకు సమాచారం పంపకూడదని నిషేధించే అధికారం కేంద్రానికి ఆ చట్టం ఇచ్చింది. భద్రత పాటించని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు. ఆ గడువు లోపల జన్యు సమాచారానికి విడిగా గట్టి నిబంధన చేయాలని మన ఎంపీలను అడగవలసిన సమయం ఇది.

ఇప్పుడు మళ్లీ మన ప్రాంతానికి వస్తాను. ఎందుకంటే ముప్పు ఎంత దూరం నుంచి వచ్చినా, అది లోపలికి దూరే సందు మాత్రం సంతకం దగ్గరే ఉంది. తిరువూరు మీదుగా పోయే జాతీయ రహదారి భద్రాచలం వెళుతుంది. ఆ భద్రాచలం ఉన్న నాటి ఖమ్మం జిల్లాలో 2009లో పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్ కలిసి 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా టీకా వేసే కార్యక్రమం చేపట్టాయి. ఆ టీకా మంచిదే, ఇప్పుడు ఎన్నో దేశాలు వేస్తున్నాయి. తప్పు టీకాలో లేదు, అడిగిన తీరులో ఉంది. వాళ్లలో చాలామంది హాస్టళ్లలో చదువుకునే గిరిజన బాలికలు. ఎన్నో సమ్మతి పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారని విచారణలో తేలింది. 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆపేశారు. 2013లో పార్లమెంటు స్థాయీసంఘం దాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. అక్కడ తీసినది రక్తం కాదు, వేసినది టీకా. కానీ పాఠం ఒకటే. పేదవాడి తరఫున ఇంకొకడు సంతకం పెట్టే అలవాటున్న చోట, నమూనా ఏ దేశానికి పోయినా ఆపేవాడు ఉండడు.

మన పక్కనే ఎ.కొండూరు మండలం తండాల్లో మూత్రపిండాల జబ్బు ఎన్ని కుటుంబాలను కుంగదీసిందో మీకు నేను చెప్పనక్కర లేదు. అక్కడ శిబిరాలు పెట్టాలి, రక్తం తీయాలి, నీళ్లు పరీక్షించాలి. కారణం పూర్తిగా తేలాలంటే జన్యువులు కూడా చూడవలసి రావచ్చు. తప్పకుండా చూడాలి. కానీ ఏ ప్రశ్న కోసం రక్తం ఇచ్చారో ఆ ప్రశ్నకే వాడాలి. అమెరికాలో గ్రాండ్ కాన్యన్ లోయలో హవసుపాయ్ అనే చిన్న ఆదివాసీ తెగ ఉంది. మధుమేహం వాళ్లను పీడిస్తుంటే 1990 ప్రాంతంలో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులకు రక్తం ఇచ్చారు. ఆ రక్తాన్ని తర్వాత మానసిక జబ్బుల పరిశోధనకూ, ఆ తెగ ఎక్కడి నుంచి వలస వచ్చిందో తేల్చడానికీ వాడారు. అది వాళ్ల నమ్మకాలను గాయపరిచింది. ఏళ్ల తర్వాత ఆ తెగ యువతి ఒకామె విశ్వవిద్యాలయంలో ఒక పరిశోధన ప్రసంగం వింటుంటే సంగతి తెలిసింది. కోర్టుకెళ్లారు. 2010లో విశ్వవిద్యాలయం 7 లక్షల డాలర్లు చెల్లించి, మిగిలిన రక్తపు నమూనాలను వాళ్లకు తిరిగి ఇచ్చింది. చదువుకున్న దేశంలో, పేరున్న విశ్వవిద్యాలయంలో జరిగిన పని ఇది.

మన దగ్గర సికిల్ సెల్ రక్తహీనతను రూపుమాపడానికి కేంద్రం 2023 జులై 1న ఒక పథకం ప్రారంభించింది. గిరిజన ప్రాంతాల్లో 7 కోట్ల మందిని పరీక్షించడం దాని లక్ష్యం. మన రెండు తెలుగు రాష్ట్రాల ఏజెన్సీ ప్రాంతాలూ అందులో ఉన్నాయి. పరీక్ష చేయించుకున్నవారికి జన్యు స్థితి తెలిపే కార్డు ఇస్తున్నారు. పెళ్లి సంబంధం చూసుకునే ముందు ఆ కార్డు చూసుకుంటే పుట్టబోయే బిడ్డకు జబ్బు రాకుండా కాపాడుకోవచ్చు. అంత మంచి పథకం మీద జనం నమ్మకం నిలవాలంటే, ఆ 7 కోట్ల వివరాలు ఎక్కడ దాస్తున్నారో, ఎవరు చూస్తారో ప్రభుత్వమే ముందుకొచ్చి చెప్పాలి.

ఒకసారి రక్తం ఇచ్చాక మనకేం హక్కు ఉంటుందని నిరాశపడనక్కర లేదు. మన హైదరాబాదు నుంచి వెళ్లిన ఒక కేసులోనే సుప్రీంకోర్టు దారి చూపింది. స్టాంపు చట్టానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణను అడ్డుపెట్టుకుని, బ్యాంకులో ఉన్న ఖాతాదారుల కాగితాలను ఎవరైనా తనిఖీ చేయవచ్చా అన్నది తగాదా. హైదరాబాదు జిల్లా రిజిస్ట్రారు, కలెక్టరు ఒక పక్క, కెనరా బ్యాంకు ఒక పక్క. 2004లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కాగితాన్ని ఇంకొకరి దగ్గర దాచుకున్నంత మాత్రాన దాని మీద మన గోప్యత పోదంది. బ్యాంకుకిచ్చిన కాగితానికే అంత రక్షణ ఉంటే, ల్యాబుకిచ్చిన రక్తానికి అంతకన్నా ఎక్కువే ఉండాలి. 2017లో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా నిలబెట్టింది. హక్కు ఉంది. అడిగేవాళ్లు కావాలి.

ఏం అడగాలి? ముందుగా ఒక్క మాట గట్టిగా చెబుతాను. ఈ ప్రసంగం విని ఎవరూ పరీక్ష మానుకోవద్దు. మేనరికాలు ఎక్కువగా ఉన్న ప్రాంతం మనది. తలసీమియా, సికిల్ సెల్ లాంటివి ముందే తెలుసుకోవడం బిడ్డలకు మనం చేసే మేలు. పరీక్ష చేయించుకోండి. కానీ పొలం దస్తావేజు మీద సంతకం పెట్టే ముందు నలుగురికీ చూపించుకుంటామే, ఈ కాగితాన్నీ అంత జాగ్రత్తగానే చూడండి. నా నమూనా ఏ ఊరికి వెళుతుంది, దేశం దాటుతుందా అని అడగండి. రిపోర్టు వచ్చాక మిగిలిన రక్తాన్నీ వివరాన్నీ ఎన్నాళ్లు ఉంచుతారు, వేరే పరిశోధనకు వాడతారా అని అడగండి. వాడకూడదనుకుంటే ఆ గడి దగ్గర వద్దు అని రాయండి. దానివల్ల మీ వైద్యం ఆగకూడదు, ఆపే హక్కు వాళ్లకు లేదు. ఇంటికి వచ్చాక రిపోర్టు ఫొటో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. సరదాకు వంశం తెలుసుకునే కిట్లు కొనేముందు అన్నదమ్ములనూ అక్కచెల్లెళ్లనూ అడగండి, అది వాళ్ల సమాచారం కూడా.

ల్యాబులు నడిపేవారికి నా విన్నపం. సమ్మతి పత్రాన్ని తెలుగులో, పెద్ద అక్షరాల్లో, ఒక పేజీకి మించకుండా అచ్చు వేయించండి. చదవలేనివారికి చదివి వినిపించండి. మనిషికో పాస్‌వర్డు పెట్టండి. పని అయిపోయిన పాత రోగుల వివరాలను గడువు ప్రకారం తీసేయండి.

ప్రభుత్వాన్ని అడగవలసినవి కూడా స్పష్టంగా ఉన్నాయి. జన్యు సమాచారాన్ని చట్టంలో విడిగా పేర్కొని, దానికి ఎక్కువ రక్షణ ఇవ్వాలి. ఏ పేరుతో వెళ్లినా సరే, దేశం దాటే ప్రతి నమూనాకూ లెక్క ఉండాలి. జన్యుక్రమం చదివే యంత్రాలు ఇప్పుడు ఎక్కువగా అమెరికా, చైనా కంపెనీలవే. ఆ యంత్రాల నుంచి సమాచారం బయటికి పోతోందో లేదో పరీక్షించే ఏర్పాటు మన దగ్గర ఉండాలి. కంపెనీ చేతులు మారితే రోగుల అనుమతి మళ్లీ అడగాలన్న నియమం రావాలి. డీఎన్‌ఏ వేలిముద్రల పద్ధతిని మన దేశంలో నిలబెట్టిన లాల్జీ సింగ్ పనిచేసిన సీసీఎంబీ హైదరాబాదులోనే ఉంది. ఇంత విద్య మన ఇంట్లో పెట్టుకుని, కాపలా విషయంలో వెనకబడటం మనకు తగదు.

ఇవన్నీ జరగాలంటే అడిగే గొంతులు కావాలి. ఒకరు అడిగితే ల్యాబువాళ్లు విసుక్కుంటారు. పదిమంది అడిగితే తెలుగు కాగితం తెస్తారు. ఊరంతా అడిగితే చట్టం చేసేవాళ్లకు వినపడుతుంది. కాబట్టి ఈసారి మీరు రక్తం ఇచ్చినప్పుడు సంతకం పెట్టే ముందు, "ఇది ఎక్కడికి వెళుతుందమ్మా?" అని ల్యాబులో అమ్మాయిని మర్యాదగా అడగండి. ఆమెకు తెలియకపోతే, తెలిసినవారిని పిలిపించి జవాబు విన్నాకే సంతకం పెట్టండి.